కదలకూడని గంట

ఇంకో గంట కదలకుండా కూర్చోవాలి. మొదటి గంట ఎలాగో గడిచింది. కొత్త కదా, గోడమీద కేలండరు చూడడంతోనూ, నాలుక మీద గ్లూకోజు తీపి పోయేదాకా చప్పరించడంతోనూ, ఎదురుబెంచీ మీద పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటే ఎప్పటికి పెట్టుకుంటాడా అని చూడడంతోనూ సరిపోయింది. ఈ రెండో గంటే ముందుకు జరగనంటోంది. పొద్దున్న పరగడుపున ఒకసారి రక్తం తీసింది సాయిదుర్గ అనే ఈ లేబ్ అమ్మాయి. తీసి, పెద్ద గ్లాసు నిండా గ్లూకోజు నీళ్ళు కలిపిచ్చి, గటగటా తాగెయ్యండి మాస్టారూ అంది. తాగేక మాత్రం రెండు గంటలూ ఆ కుర్చీ వదలకూడదండి, తినకూడదు, నడవకూడదు, మెట్లెక్కకూడదు, గంటకోసారి నేనే వచ్చి రక్తం తీసుకుంటాను అంది. నడవకూడదు అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఏమ్మా, కూర్చోవడం కూడా ఒక పనేనా అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇప్పుడు తెలుస్తోంది, పనే. ముప్ఫయ్యేళ్ళుగా హైస్కూలు పిల్లల్ని కదలండ్రా కదలండి అని ఈల ఊది పరిగెత్తించినవాణ్ణి, రాజోలు చుట్టుపక్కల దేవసహాయం ఎవరంటే తెల్లమొహం వేస్తారు గానీ డ్రిల్లు మాస్టారంటే ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు, అలాంటి నన్ను తెచ్చి అమలాపురం ఆస్పత్రిలో ప్లాస్టిక్ కుర్చీలో కుదేశారు. కాళ్ళు ఊరుకోవడం లేదు. కుడిమోకాలు దానంతటదే ఊగుతోంది, చేత్తో పట్టుకుని ఆపుతున్నాను. మోకాలు ఊపడం కూడా నడక కిందికే వస్తుందేమో, అడుగుదామంటే ఆ అమ్మాయి ఏమనుకుంటుందో.

పై అంతస్తులో దీనమ్మ ఉంది, నా చెల్లెలు. ఈపాటికి డయాలిసిస్ మెషీను తగిలించి ఉంటారు. వారానికి మూడుసార్లు ఇదే ప్రయాణం దానికి, బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఆటో, తాటిపాక దాటి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటుతున్నప్పుడు బయటికి చూసి, ఏటి నిండా నీళ్ళు, నాకేమో గ్లాసుతో కొలత అంటుంది. ప్రతిసారీ అంటుంది, నవ్వుతూనే అంటుంది, ఇవాళ పొద్దున్న నా పక్కన కూర్చుని కూడా అంది. బీపీ లోపల్లోపలే రెండు కిడ్నీల్నీ తినేసిందట, కాళ్ళు వాచి ఆయాసం వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఏడాదిన్నర నుంచి మెషీనే దిక్కు. వాళ్ళాయన ప్రభుదాసు బావ కిడ్నీ ఇస్తానన్నాడు, గ్రూపు కలవలేదు. కూతురు హేమకి ఇంకా పద్దెనిమిది నిండలేదు, నిండినా దాని దగ్గర తీసుకోనని దీనమ్మ తెగేసి చెప్పింది. మిగిలింది నేను. గ్రూపు కలిసింది, తక్కినవన్నీ కలిశాయి. గుండె చూసినాయన ఈ వయసులో ఇలాంటి గుండె అరుదండీ అంటే ఊళ్ళో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. విశాఖపట్నంలో ఆపరేషనుకి అంతా కుదిరిందనుకుంటుండగా కిడ్నీ డాక్టరుగారు ఒక కాగితం దగ్గర ఆగేరు. పరగడుపు షుగరు బాగానే ఉంది గానీ మూడు నెలల సగటు గీత మీద నిలబడి ఉందండి, ఒకసారి గ్లూకోజు తాగించి చూద్దాం అన్నారు. గీత దాటితే ఏమవుతుందండీ అన్నాను. మీ కిడ్నీ తీసుకోరండి, ఉన్న ఒక్క కిడ్నీకి షుగరు తోడైతే కొన్నేళ్ళకి మీరూ మీ చెల్లెలి పక్క మంచం మీదే ఉంటారు అన్నారు నెమ్మదిగా. దీనమ్మ అక్కడే ఉంది. మా అన్నయ్యకి ఏ ఇబ్బందీ రాదని మీ నోటితో చెప్పండి డాక్టరుగారూ, అప్పుడే తీసుకుంటాను, లేకపోతే నాకొద్దు అంది. ఇంత వ్యవహారంలో అది అడిగింది ఆ ఒక్కటే. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని నా ఒళ్ళు ఆ మాటకి జవాబు తయారుచేస్తోంది, నాకు తెలియకుండా, నన్ను కదలనివ్వకుండా.

షుగరా, నాకా, అనుకున్నాను ఆ రోజు. తెల్లారకముందే ఏటిగట్టెక్కేవాడికి షుగరేమిటి. వశిష్ఠ వారన గట్టు మీద నడుస్తుంటే ఒకవైపు లంకలు, ఒకవైపు కొబ్బరితోటలు, వానొస్తే గొడుగు, బురదైతే చెప్పులు చేతిలోకి, అంతేగానీ నడక మానడమనేది లేదు. తిండి మానడమూ లేదు, అది వేరే సంగతి. వేరే సంగతేమిటి, అదే సంగతి. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు, నేను కూర్చోను కాబట్టి నా కొండకి ఢోకా లేదురా అని పిల్లలకి చెప్పేవాణ్ణి, క్లాసంతా నవ్వేది. పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళు నా విస్తరి దగ్గర తటపటాయిస్తే, డ్రిల్లు మాస్టారండీ, ఆయనకి అరుగుతుందండీ, వెయ్యండి అనేవాళ్ళు పక్కవాళ్ళు. ఆ మాట నాకు బిరుదు. అడగందే అమ్మైనా పెట్టదని ఎవరన్నారో గానీ వాళ్ళు కోనసీమ చూసి ఉండరు. ఇక్కడ వద్దన్నకొద్దీ పెడతారు, చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించేస్తారు. తినకుండా వదిలేస్తే పెట్టినావిడ మొహం చిన్నబోతుంది, చిన్నబోయిన మొహం చూసి గడప దాటలేం, అంచేత తినడం మర్యాద, తిన్నాక నడవడం మన పూచీ, ఇదీ నా సిద్ధాంతం. గట్టు మీద నాతో నడిచే గంగబాబుదీ ఇదే సిద్ధాంతం, కొబ్బరికాయల వ్యాపారం ఆయనది, నాకంటే ముందు నడిచే పొట్ట. మా నడక గట్టు దిగినచోట ఆగేది కాదు, టిఫిన్ బండి దగ్గర ఆగేది. నడిచేం కదండీ మాస్టారూ అంటూ పెసరట్టు ఉప్మా మీద ఇంకాస్త నెయ్యి వేయించుకునేవాడు. నడిచినంతకీ తినేవాళ్ళం, తిన్నంతకీ నడిచేవాళ్ళం, ఏది దేనికోసమో పోనుపోను నాకే తెలిసేది కాదు. ఆ మాటకొస్తే మా చర్చిలో ఉపవాస ప్రార్థన కూడా అంతే, మధ్యాహ్నం దాకా ఉపవాసం, ఆమెన్ అనగానే బిర్యానీ. దేవుడికి మాత్రం తెలియదా మా సంగతి.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, పెట్టుకుని నన్ను చూసి, నాలో చూడదగ్గదేమీ లేదన్నట్టు మళ్ళీ తీసేశాడు. పంకా తిరుగుతోంది, అదొక్కటే తిరుగుతోంది ఈ గదిలో. స్పిరిట్ వాసన మధ్యలోంచి తాలింపు వాసన వస్తోంది, కింద కాంటీనులో సాంబారు కాబోలు, ఇంగువ వేశారు, కరివేపాకు పచ్చిది. నిన్న రాత్రి తర్వాత కడుపులోకి ఆ గ్లూకోజు నీళ్ళు తప్ప ఏమీ పోలేదు, తింటే ఆయాసం తినకపోతే నీరసం అని ఊరికే అనలేదు. ఈ వాసన పైన దీనమ్మకి తెలుస్తూ ఉంటుందా. తెలుస్తూనే ఉంటుంది. దానికి డాక్టర్లు నిషేధించనిది వాసన ఒక్కటే. మెషీను ఎక్కేక దానికి పెట్టిన నియమాలు వింటే మనవైపు మనిషన్నవాడికి కళ్ళు తిరుగుతాయి. కొబ్బరినీళ్ళు వద్దన్నారు, అరటిపండు వద్దన్నారు, పనస వద్దు, ఆవకాయ వద్దు, ఉప్పు చిటికెడు, నీళ్ళు కొలత. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, పెరట్లో చక్రకేళీ గెలలు, ఇంకేం తినమంటారండీ అనడిగితే కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు వార్చేసి తినమ్మా అన్నారట. వార్చేశాక అందులో ఏముంటుందండీ అందిట ఇది. మొదట్లో రోజూ ఏడ్చేది. ఆ తర్వాత ఏడుపు మాని వండడం మొదలుపెట్టింది. తనకి కాదు, నాకు.

దాన్ని చూసి రావచ్చని నా నడకని దాని ఊరి వైపు తిప్పుకున్నాను, గట్టు దిగితే వాళ్ళిల్లే. మొదట్లో కాఫీ ఇచ్చేది. తర్వాత పొట్టిక్కలు వచ్చాయి, పనసాకు బుట్టల్లో ఆవిరికి ఉడికిన ఇడ్లీ, ఆకు ఊడదీస్తుంటే పొగలు కక్కుతూ. ఆ తర్వాత పాకుండలు, కొబ్బరి లౌజు, నెయ్యి కారే బూరెలు. నేను తింటుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఉప్పు సరిపోయిందా అన్నయ్యా అనేది, తను రుచి చూడలేదు కదా. లౌజులో ఏలక్కాయ తెలుస్తోందా అనేది. బాగుందే అంటే ఒప్పుకునేది కాదు, బాగుందంటే ఏం తెలుస్తుంది, పంటికింద ఎలా ఉందో చెప్పు, గొంతులోకి జారేటప్పుడు ఎలా ఉందో చెప్పు అనేది. నేను డ్రిల్లు మాస్టార్ని, ఎడమ కుడి తప్ప నాకు మాటలు రావు, అయినా దాని కోసం నేర్చుకున్నాను. అంచు కాస్త కరకరమంటోంది, లోపల మెత్తగా ఉంది, బెల్లం పాకం పంటికి కొంచెం అంటుకుంటోంది, అని చెబుతుంటే దాని గొంతు మింగినట్టు కదిలేది. ఒకరోజు పాకుండ కొరికి, లోపల ఇంకా వేడి పోలేదే అన్నాను. అది కళ్ళు మూసుకుంది, చాలాసేపు తెరవలేదు.

"నువ్వు తింటుంటే నేను తిన్నట్టే ఉంటాదన్నయ్యా" అంది.

ఆ రోజు తర్వాత వాళ్ళింట్లో నేను దేన్నీ వద్దనలేదు. ఎలా అంటాను. అన్నీ పోయినదానికి మిగిలిన సరదా నా నోరు. నా భార్య అనిత పసిగట్టింది, అక్కడ తిని వచ్చి ఇక్కడా తింటున్నారు, అదంతా ఎక్కడికి పోతుందండీ అంది. నడకలోకి పోతుంది అన్నాను. పోకపోతేనో అంది. పోకపోతే ఇంకాస్త దూరం నడుస్తాను అన్నాను, అన్నట్టే నడిచాను. లౌజు తిన్న రోజు రేవు దాకా, బూరెలు తిన్న రోజు రేవు దాటి ఇటుకబట్టీ దాకా, సాయంత్రం మళ్ళీ స్కూలు గ్రౌండు చుట్టూ. దాని కోసం తినడం, నా కోసం నడవడం, చెల్లుకి చెల్లు. బెల్టు రంధ్రం మారలేదు, అదే నాకు సాక్ష్యం, అనితకి చూపించి చూశావా అనేవాణ్ణి. ఆవిడ బెల్టు వంక చూసేది కాదు, నా మొహం వంక చూసేది. దీనమ్మకి ఒక్కసారి చెప్పి చూడండి, అర్థం చేసుకుంటుంది అనేది. అర్థం చేసుకుంటుంది, అదే నా భయం. అర్థం చేసుకుని పొయ్యి ఆర్పేస్తుంది, ఆర్పేసి గోడవైపు తిరిగి పడుకుంటుంది. అలా పడుకున్న రోజులు నేను చూశాను.

గంటలో సగం అయిందా. అయినట్టుంది. ఈ క్షణం నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు లీలగా తెలుసు, ట్రైనింగులో చెప్పారు, కండ పని చేస్తే రక్తంలో చక్కెరని లాగేసుకుంటుంది. లాగేసుకోవాలంటే కండకి పని చెప్పాలి. నా కాళ్ళు పని అడుగుతూనే ఉన్నాయి. మొన్న గంగబాబు ఫోను చేసి చెప్పాడు, నాకు మంచి జరగాలనే చెప్పాడు పాపం. ఆయన ఆ మధ్య ఇక్కడే ఎక్కడో షుగరు పరీక్షకొచ్చి, టిఫిను తిన్నాక ఊరికే కూర్చోకుండా గడియార స్తంభం చుట్టూ గబగబా తిరిగేసి వెళ్ళాడట, రిపోర్టు చూసి డాక్టరే మెచ్చుకున్నాడట. "నడిచి దించేసేనండి మాస్టారూ, మీరూ అదే చెయ్యండి, ఆస్పత్రి నిండా మెట్లే కదండీ" అన్నాడు. ఆ మెచ్చుకోలు అయిన కొన్నాళ్ళకే చూపు మసకేసింది ఆయనకి, ఇప్పుడు కంటి ఇంజెక్షన్లకి రాజమండ్రి తిరుగుతున్నాడు, అయినా గడియార స్తంభం కథ మాత్రం ఇప్పటికీ గెలిచినట్టే చెబుతాడు. కానీ ఆయన సంగతి వేరు, ఆయన తన కోసం దొంగలెక్క చూపించుకున్నాడు. నేను నా కోసమా? ఇవ్వాలని ఉంది నాకు. ఒళ్ళంతా ఒకటే కోరిక, ఇవ్వాలని ఉంది. ఆపరేషను బల్ల మీద పడుకుని, పక్క గదిలో దీనమ్మ ఉందని తెలిసి, మత్తుమందు ఎక్కుతుండగా హమ్మయ్య అనుకోవాలని ఎన్ని రాత్రులు ఊహించుకున్నానో. ఆ తర్వాత అది గ్లాసు కొలత లేకుండా మంచినీళ్ళు తాగుతుంటే చూడాలని ఉంది. అంతే, ఇంకేం అక్కర్లేదు. దానికీ నాకూ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క అంకె. ఆ అంకె తగ్గించే మెట్లు అదిగో, వరండా చివర.

లేచాను. సాయిదుర్గ తలెత్తి, ఎక్కడికండీ అంది. బాత్రూముకమ్మా అన్నాను. నెమ్మదిగా వెళ్ళి వచ్చెయ్యండి అంది. బాత్రూము ఎడమవైపు, నేను కుడివైపు వెళ్ళాను. మెట్ల దగ్గర ఎవరూ లేరు. కమ్మీ మీద చెయ్యి వేశాను, చల్లగా ఉంది, కాళ్ళు అప్పుడే పైకి చూస్తున్నాయి, ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం, నాకు చెమట కూడా పట్టదు. ఎవరికీ తెలియదు. అప్పుడు ఎందుకో ఎప్పటిదో పదో తరగతి పరీక్ష గుర్తొచ్చింది, నేను ఇన్విజిలేటర్ని, ఒకడు తమ్ముడి బదులు వచ్చి రాస్తూ దొరికాడు. చక్కగా రాస్తున్నాడు, దస్తూరి ముత్యాల్లా ఉంది. వాడు చదవలేదండీ, ఫెయిలైపోతాడండీ అన్నాడు. వాడి కళ్ళల్లో దొంగతనం కనబడలేదు, నాకే సిగ్గేసింది పట్టుకున్నందుకు, అయినా లేపి బయటికి పంపించాను, ఎందుకంటే పాసయ్యేది తమ్ముడు కాదు కదా, తమ్ముడికి ఏం వచ్చో ఎవరికీ తెలియకుండా పోతుంది కదా. ఇన్నాళ్ళూ నా కడుపు రాయాల్సిన పరీక్ష నా కాళ్ళు రాస్తూ వచ్చాయి. పెళ్ళిళ్ళలో, టిఫిన్ బండి దగ్గర, దీనమ్మ పీట ముందు తిన్నదంతా కడుపుదైతే, మార్కులన్నీ కాళ్ళవి. ఇప్పుడు కూడా ఈ కాళ్ళే వెళ్ళి పాసై వస్తే, డాక్టరుగారు పైకి వెళ్ళి, మీ అన్నయ్యకి ఏ ఇబ్బందీ రాదమ్మా అంటారు. అది నమ్ముతుంది. నా కిడ్నీ తీసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, హాయిగా నమ్ముతుంది. ఎప్పుడో ఒకరోజు నేను ఆ డయాలిసిస్ మంచం మీద పడితే, తన వల్లే అనుకుంటూ నన్ను చూస్తూ బతకాలి. కమ్మీ మీంచి చెయ్యి తీసేశాను. కాళ్ళకి కోపం వచ్చినట్టుంది, తిరిగి వచ్చేటప్పుడు బరువుగా నడిచాయి. కుర్చీలో కూర్చుని, ఏం తోచక, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

కదలకుండా కూర్చుంటే మనసు ఎక్కడెక్కడికో పోతుందని మొదటిసారి తెలిసింది. నడిచేవాడికి మనసు కాళ్ళ వెంటే ఉంటుంది, ఎక్కడ గుంట, ఎక్కడ రాయి. ఇప్పుడది అమ్మ దగ్గరికి పోయింది. అమ్మ నాట్లకి వెళ్ళేది, కోతలకి వెళ్ళేది, నాన్న కొబ్బరి దింపుకి వెళ్ళేవాడు. స్కూలుకి నేనూ దీనమ్మా పొలాలకడ్డంపడి నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాళ్ళం, సాయంత్రం మళ్ళీ గడ్డికి. మా ఇంట్లో అప్పుడు తిండి తక్కువ, నడక ఎక్కువ. దాన్నెవరూ వ్యాయామం అనలేదు. జిల్లా పరుగుపందేలకి నన్ను ఎంపిక చేసిన రోజు పొద్దున్న ఇంట్లో ఉన్నది ఒకటే గుడ్డు, అది దీనమ్మ వంతు, దానికి అంతకుముందే జ్వరం తగ్గింది. నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి ఆ గుడ్డు ఉడికించి, వలిచి, నా అన్నంలో కింద దాచిపెట్టింది, పైన పెడితే నేను తిననని. సగం తిన్నాక తగిలింది. తలెత్తి చూస్తే గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఆ రోజు గెలిచాను, ఆ గెలుపుతోనే ట్రైనింగు సీటు, దాంతోనే ఈ ఉద్యోగం. అంటే దీనమ్మ నాకు పెట్టడం మెషీను ఎక్కాక మొదలవలేదు. నేను తింటుంటే చూడడం కూడా అప్పుడు మొదలవలేదు. మరి నేనేం పెట్టాను దానికి? పండక్కి చీర పెట్టానేమో. ఒంట్లోంచి ఒక్క ముక్క పెట్టే రోజు వచ్చేసరికి అది ఇలా పరీక్షల పాలైంది.

అయిపోయిందండీ మాస్టారూ, చెయ్యి ఇవ్వండి అంది సాయిదుర్గ. సూది దిగింది. గొట్టంలోకి ఎక్కుతున్న రక్తాన్ని చూశాను, ఎర్రగా, ఎప్పటిలాగే, తీపో చేదో పైకి తెలియడం లేదు. ఇప్పుడు నడవచ్చండీ అంది. అన్నాక కూడా లేవబుద్ధి కాలేదు, కాగితం వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. కాగితం ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి నా మొహం చూడలేదు, డాక్టరుగారు పైన డయాలిసిస్ వార్డులోనే ఉన్నారండి అంది. నేనే విప్పి చూసుకున్నాను. దాటింది. గీత మీద నిలబడి ఇటో అటో అన్నట్టు కూడా కాదు, దాటి బాగా అవతలికి పోయింది. ఇందాక చెయ్యి వేసిన మెట్లే ఎక్కి పైకి వెళ్ళాను. డాక్టరుగారు కాగితం చూసి, వార్డు గుమ్మంలోనే నిలబెట్టి మెల్లగా చెప్పేరు. మీ నడక వల్లే ఇన్నాళ్ళూ ఇది బయటపడకుండా నెట్టుకొచ్చేరండి, లేకపోతే ఎప్పుడో మందుల్లో పడేవారు, నడక మానకండి, కానీ ఎంత నడిచినా తిండి పని తిండిదే, అది చేసేది అది చేస్తుంది అన్నారు. ఇకనుంచి మీక్కూడా మందులు, పథ్యం, చెల్లెలుగారికి చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు నమోదు చేయిద్దాం, టైము పడుతుంది, ఈలోగా మెషీను ఉంది కదా అన్నారు. ఆయ్ అన్నాను. ఇంకేమనను.

దీనమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గుమ్మంలో మేం మాట్లాడుకోవడం మంచం మీంచి చూస్తూనే ఉంది. వెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మెషీను సన్నగా శబ్దం చేస్తోంది, దీనమ్మ రక్తం గొట్టంలోంచి వెళ్ళి కడుక్కుని తిరిగొస్తోంది.

"దాటిందా?" అంది.

"దాటిందే" అన్నాను.

నా వల్లే కదా అంది. కాదే, ముప్ఫయ్యేళ్ళ తిండి, నీది ఏడాదిన్నరేగా అన్నాను. గీత మీద ఉన్నవాణ్ణి దాటించడానికి ఏడాదిన్నర చాలదా అంది. డాక్టరుగారు చెప్పిన నమోదు సంగతి చెప్పాను, ఊ కొట్టింది గానీ విన్నట్టు లేదు. సూదులు లేని చేత్తో దుప్పటి అంచు మడత పెడుతోంది, విప్పుతోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పైకప్పు వంక చూస్తూ, ఎవరో బలవంతాన పలికిస్తున్నట్టు అంది.

"ఇకమీద మా ఇంట్లో నీకేం పెట్టనన్నయ్యా."

మా వైపు గిట్టనివాళ్ళు గుమ్మంలోకొచ్చినా అనే మాట కాదది. ఇంతకంటే పెద్దది అది నాకెప్పుడూ ఏమీ ఇవ్వలేదని నాకు తెలుసు, తెలిసి, సరేనమ్మా అన్నాను. పక్క మంచాల వాళ్ళు ఇటే చూస్తున్నారు. అది గోడవైపు తిరగబోయి, గొట్టాలు అడ్డమొచ్చి, తల మాత్రం అటు తిప్పుకుంది. అలాగే అడిగింది.

"ఏం పెట్టకపోయినా వస్తావా?"

నాకు ఏడుపు ఆగలేదు. యాభై దాటినవాణ్ణి, ఊళ్ళో అందరికీ ఈల ఊదేవాణ్ణి, స్టూలు మీద కూర్చుని అందరి ముందూ ఏడ్చేశాను. నీ పాకుండల కోసమనుకున్నావేంటే నేనొచ్చేది, పిచ్చిదానా అన్నాను. అది తల ఇటు తిప్పి నన్ను పరీక్షగా చూసింది, నమ్మాలో వద్దో తేలనట్టు.

"రేపు రా" అంది. "చూస్తాను."